ఇంగ్లండ్ ఎన్‌హెచ్ఎస్: ముందే డబ్బు కట్టి, తర్వాత ఓపిక పట్టే వైద్యం

మిక్సీ కొన్నా, బిర్యానీ తిన్నా స్టార్లు ఇచ్చేస్తాం. అలాంటిది తొమ్మిది పది లక్షలు పోసి కొన్న ఎన్‌హెచ్ఎస్‌కి, అంటే ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవకి, రివ్యూ రాయకపోతే ఎలా?

అవును, అక్షరాలా అంత డబ్బే. కంపెనీ వీసా మీద మూడేళ్ళకి ఇంగ్లండ్ వచ్చే కుటుంబం విమానం టికెట్ల కంటే ముందు ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్ అని ఒకటి కట్టాలి. పెద్దవాళ్ళకి తలకి ఏడాదికి 1,035 పౌండ్లు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి 776. మేమిద్దరం, బాబు, మూడేళ్ళ వీసా. మొత్తం 8,538 పౌండ్లు, అదీ వాయిదాల్లేకుండా ఒకేసారి. 2015లో ఈ పద్ధతి పెట్టినప్పుడు ఏడాదికి 200 పౌండ్లే ఉండేది. 2024 ఫిబ్రవరిలో 624 నుంచి ఒక్కసారిగా 1,035కి ఎక్కించారు. వైద్య, సంరక్షణ ఉద్యోగాలకిచ్చే హెల్త్ అండ్ కేర్ వీసా మీద వచ్చేవాళ్ళకి ఇది మాఫీ. మిగిలినవాళ్ళకి ఇది కాక నెలనెలా జీతంలో నేషనల్ ఇన్సూరెన్స్ అనే పన్ను లాంటి కోత కూడా ఉంటుంది. ఇక్కడ వైద్యం ఫ్రీ అని ఎవరైనా అంటే నాకు కొంచెం ఒళ్ళు మండుతుంది. ఫ్రీ కాదు, ముందే కట్టేశాం.

మాది కాకినాడ, ఉండేది లండన్ దగ్గర రెడింగ్‌లో. నాకు థైరాయిడ్, ఇంట్లో స్కూలుకెళ్ళే బాబు, మోకాలు నొప్పి అనే మా ఆయన, బీపీ, షుగర్ ఉండి ఏడాదికోసారి ఇండియా నుంచి వచ్చే అత్తయ్యగారు. కాబట్టి ఈ సేవని నాలుగు వైపుల నుంచీ వాడి చూసినట్టే. నా అభిప్రాయం ఏమిటంటే, ప్రాణం మీదికొస్తే ఇక్కడ బాగా చూస్తారు. జీవితాంతం మింగాల్సిన బిళ్ళలుంటే ఇంకా బాగా చూస్తారు. ఈ రెండిటికీ మధ్య ఉండే నొప్పులకి మాత్రం మనకి అలవాటు లేనంత ఓపిక కావాలి.

మనూళ్ళో ఏం చేస్తాం? మోకాలు నొప్పయితే నేరుగా ఎముకల డాక్టరు, చర్మానికి చర్మం డాక్టరు. ఓపీ చీటీ రాయించుకుని, ఫీజు కట్టి కూర్చుంటే సాయంత్రానికి ఎక్స్‌రే, రక్తపరీక్ష, మందుల సంచీ, ఫైలు అన్నీ చేతికొస్తాయి. ఇక్కడ అన్ని దారులకీ ఒకటే గుమ్మం, జీపీ, అంటే అన్నిటికీ ముందు చూసే ఫ్యామిలీ డాక్టరు. ఇంటికి దగ్గర్లో ఉన్న జీపీ సర్జరీలో పేరు నమోదు చేసుకోవాలి. సర్జరీ అంటే ఇక్కడ ఆపరేషన్ కాదు, క్లినిక్. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో అయిపోతుంది. చాలామంది కరెంటు బిల్లు వచ్చేదాకా, బ్యాంకు అకౌంటు తెరిచేదాకా ఆగుతారు. ఆగక్కర్లేదు. అడ్రస్ ప్రూఫ్ గానీ, ఐడీ గానీ, వీసా కాగితం గానీ లేవని రిజిస్ట్రేషన్ కాదనకూడదని ఎన్‌హెచ్ఎస్ నియమమే చెబుతుంది. రిసెప్షన్‌లో అడిగితే మర్యాదగా ఆ మాటే చెప్పండి. ఇల్లు దొరికిన వారంలోనే ఈ పని చేసుకోవాలి. జ్వరం వచ్చాక మొదలుపెడితే విసుగు.

మా సర్జరీతో నాకున్న పెద్ద గొడవ పొద్దున ఎనిమిది గంటల ఫోను. ఆ రోజు అపాయింట్‌మెంట్లు ఎనిమిదికి తెరుస్తారు, ఊరంతా అప్పుడే ఫోన్ చేస్తుంది. బాబుకి టిఫిన్ పెడుతూ, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆ వాయిద్యం వింటూ నిలబడేదాన్ని. లైను దొరికేసరికి ఆ రోజువి అయిపోయేవి. 2025 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో సర్జరీలన్నీ పని వేళలంతా ఆన్‌లైన్ ఫారం తెరిచే ఉంచాలని రూలొచ్చింది. దానివల్ల మాకు బాగానే తేలికైంది. ఇబ్బంది ఏమిటో రాసి పంపిస్తే వాళ్ళే ఫోన్ చేస్తారు, లేదా టైమ్ ఇస్తారు. ఫారంలో ఎప్పటి నుంచి, ఎంత తీవ్రంగా, ఏం చేస్తే తగ్గుతోంది అని వివరంగా రాయండి. "ఒంట్లో బాలేదు" అని ఒక ముక్క రాస్తే వరసలో చివరికి పోతారు.

లోపలికి వెళ్ళాక అలవాటు పడాల్సిన సంగతులు వేరే. డాక్టరమ్మ తనే బయటకొచ్చి పేరు పెట్టి పిలిచి తీసుకెళ్తుంది. ఉండేది పది నిమిషాలు. మొత్తం విని, "ఇది ఏమై ఉంటుందని మీకనిపిస్తోంది?" అని అడుగుతుంది. మొదటిసారి నాకు నోట మాట రాలేదు. అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను తల్లీ అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇక్కడ జీపీలకి అలా అడగమనే శిక్షణ ఇస్తారట. మనసులో ఉన్న భయమేమిటో బయటికి రావాలని. ఇప్పుడు నేనే ముందు చెప్పేస్తాను, "మా అమ్మకి ఫలానా జబ్బు ఉంది, అదేమోనని టెన్షన్‌గా ఉంది" అని. అలా చెప్పిన రోజుల్లో నాకు దొరికిన సమాధానాలు బాగున్నాయి.

సూది వేయరు, సెలైన్ ఎక్కించరు, బలానికి టానిక్ రాయరు. జలుబు, దగ్గుకి యాంటీబయాటిక్ అడిగితే చిరునవ్వుతో పంపేస్తారు. ఇక్కడ ఏ రోగానికైనా పారాసెటమాలే మందని మనవాళ్ళ జోకు. ఆ పారాసెటమాల్ కూడా సూపర్‌మార్కెట్‌లో డబ్బాకి 16 బిళ్ళలే, ఒకసారికి రెండు డబ్బాలకి మించి సాధారణంగా ఇవ్వరు. అతిగా మింగి ప్రాణాలు తీసుకునేవాళ్ళు ఎక్కువని 1998లో చట్టం తెచ్చారు. మన డోలో 650 లాంటిది ఇక్కడ షెల్ఫులో దొరకదు, అన్నీ 500 మిల్లీగ్రాములే. పెద్దవాళ్ళు రోజుకి ఎనిమిది బిళ్ళలు దాటకూడదు.

ఇక మెచ్చుకోవాల్సినవాటికి వద్దాం. నా థైరాయిడ్ బిళ్ళలు. ఇంగ్లండ్‌లో డాక్టరు రాసిన ఒక్కో మందుకి 9.90 పౌండ్లు కట్టాలి, అది ఎంత చవక మందైనా సరే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో అదీ లేదు. కానీ హైపోథైరాయిడ్‌కి రోజూ బిళ్ళ వేసుకునేవాళ్ళకీ, షుగర్‌కి మందులు వాడేవాళ్ళకీ మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఇస్తారు. సర్జరీలో ఎఫ్‌పీ92ఏ అనే ఫారం అడిగి నింపి, వాళ్ళ సంతకం పెట్టించి పంపాలి. అయిదేళ్ళు చెల్లుతుంది. అది చేతికొచ్చాక థైరాయిడ్ బిళ్ళ ఒక్కటే కాదు, ఏ మందు రాసినా ఫ్రీ. మా తెలుగువాళ్ళలో ఏళ్ళ తరబడి థైరాయిడ్ బిళ్ళ మింగుతూ, మిగతా మందులన్నిటికీ డబ్బు కడుతున్నవాళ్ళు ఎంతమందో. ఎవరూ పిలిచి ఇవ్వరు, అడిగితేనే ఇస్తారు. ఈ సేవ మొత్తానికి ఇదే తీరు. గర్భిణులకీ, కాన్పైన ఏడాది దాకా తల్లులకీ కూడా ఇలాంటి సర్టిఫికెట్ ఉంది. పదహారేళ్ళ లోపు పిల్లలకీ, అరవై దాటినవాళ్ళకీ ఎలాగూ మందులు ఫ్రీ.

బిళ్ళలు అయిపోవస్తుంటే ఎన్‌హెచ్ఎస్ యాప్‌లో ఒక్క నొక్కు నొక్కుతాను. ప్రిస్క్రిప్షన్ మా వీధి చివర ఫార్మసీకి దానంతటదే వెళ్ళిపోతుంది. నిలకడగా ఉంటే ఏడాదికోసారి రక్తపరీక్ష, అదీ పూర్తి థైరాయిడ్ ప్రొఫైల్ కాదు, ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ అంకె ఒక్కటే చూస్తారు. ఫలితం యాప్‌లోకి వస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. యాప్ తెరిచి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 41 అని చూసేసరికి గుండె గుభేలుమంది. మన లెక్కలో ఏడు దాటితేనే ఇంట్లో స్వీట్లు దాచేస్తారు కదా! ఇక్కడ కొలమానం వేరు. 48 అంటే మన 6.5 శాతం, 53 అంటే 7 శాతం. నా 41 అంటే 5.9, వీళ్ళ లెక్కలో 42 లోపు నార్మలే. మామూలు షుగర్ అంకెని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. 7 అంటే 126. టీఎస్‌హెచ్‌కి ఈ తంటా లేదు, రెండు చోట్లా అంకె ఒకటే.

ఫార్మసిస్టుని మందులు అందించే మనిషిగా చూడొద్దు. 2024 జనవరి చివర్లో ఇంగ్లండ్‌లో ఫార్మసీ ఫస్ట్ అని మొదలైంది. సైనస్, గొంతు నొప్పి, చెవి నొప్పి, పురుగు కుట్టి చీము పట్టడం, పిల్లలకి వచ్చే చర్మపు పుళ్ళు, షింగిల్స్ (సర్పి), ఆడవాళ్ళకి మూత్రంలో మంట, ఈ ఏడింటికీ అవసరమైతే వాళ్ళే మందు ఇవ్వొచ్చు. వయసు షరతులున్నాయనుకోండి. ఒక శనివారం బాబు చెవి పట్టుకుని ఏడుస్తుంటే నేరుగా తీసుకెళ్ళాం. ఫార్మసిస్టు చిన్న గదిలోకి తీసుకెళ్ళి, చెవిలో లైటు వేసి చూసి, మందిచ్చి పంపాడు. పైసా తీసుకోలేదు. పొద్దున ఎనిమిది గంటల ఫోనూ లేదు. ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

మధ్యలో ఉండే నొప్పుల మాటకొస్తే, మా ఆయన మోకాలు. ఎమ్మారై కావాలని పట్టుబట్టారు. జీపీ ముందు ఫిజియో అంది. ఫిజియో ముందు ఎక్సర్‌సైజులు అన్నాడు. స్పెషలిస్టు దగ్గరికి పంపితే 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలనేది ఇక్కడి లక్ష్యం. ఇంగ్లండ్‌లో ఆ వరసలో ఉన్న కేసులు కొన్నేళ్ళుగా డెబ్బై లక్షల పైనే, కాబట్టి ఆ లక్ష్యం ఎంతవరకు నిలబడుతుందో మీరే ఊహించుకోండి. సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆయన డబ్బు కట్టి అదే రోజు స్కాన్ తీయించుకున్నారు. ఆ రిపోర్టు ఇక్కడ ఫిజియోకి చూపిస్తే శ్రద్ధగా చదివి, "మంచిది, అవే ఎక్సర్‌సైజులు కంటిన్యూ చేయండి" అన్నాడు. మా ఆయనకి ఆ రోజంతా కోపమే. నాకు మాత్రం ఫిజియో మీద గౌరవం పెరిగింది. చాలా చోట్ల ఫిజియోకి జీపీ చీటీ కూడా అక్కర్లేదు, మనమే పేరు ఇచ్చుకోవచ్చు.

ప్రాణం మీదికొస్తే 999, మన 108 లాగా. అంత కాదు గానీ రేపటిదాకా ఆగేలా లేదంటే 111, రాత్రీ పగలూ పలుకుతుంది. ప్రశ్నలు చాలా అడుగుతారు, విసుక్కోకుండా చెప్పాలి. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని, తెలుగు అని చెప్పి అడగొచ్చు, దానికి మన దగ్గర డబ్బు తీసుకోరు. ఇంటికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పెద్దవాళ్ళంటే, అత్తయ్యగారి మణికట్టు. ఆకులు రాలే కాలంలో తడి ఆకుల మీద జారి పడ్డారు. ఏ అండ్ ఈకి, అంటే ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాం. అక్కడ ముందొచ్చినవాళ్ళకి ముందు కాదు, ఎవరికి ప్రమాదం ఎక్కువైతే వాళ్ళకి ముందు. నాలుగు గంటల్లో తేల్చాలని లక్ష్యం ఉంది గానీ దాన్ని నమ్ముకోకుండా ఛార్జర్, నీళ్ళు, బిస్కెట్లు పట్టుకెళ్ళడం మంచిది. షుగర్ ఉన్న మనిషి కదా, నేను పెరుగన్నం డబ్బా కూడా పెట్టుకున్నాను. ఎక్స్‌రే తీశారు, కట్టు వేశారు. బయటికొస్తూ ఆవిడ అడిగిన మొదటి మాట, "బిల్లెంతయిందే అమ్మాయ్?" ఏం లేదత్తయ్యా అంటే నమ్మలేదు. ఎక్కడో దాచి చెబుతున్నాననే అనుకున్నారు.

ఆవిడ అనుమానం సగం నిజమే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి సర్‌చార్జ్ ఉండదు. జీపీని చూడడం, ఏ అండ్ ఈలో చేసే వైద్యం వాళ్ళకీ ఉచితమే. కానీ ఆసుపత్రిలో చేర్చుకున్నా, తర్వాత ఔట్‌పేషంట్‌గా కట్టు చూపించుకోవడానికి రమ్మన్నా బిల్లు పడుతుంది, అదీ ఎన్‌హెచ్ఎస్ లెక్కగట్టిన ఖర్చుకి ఒకటిన్నర రెట్లు. 500 పౌండ్లు గానీ అంతకి మించి గానీ బాకీ కట్టకుండా వెళ్ళిపోతే మళ్ళీ వీసాకి అడ్డు రావచ్చు. అందుకే అత్తమామలకి, అమ్మానాన్నలకి టికెట్ తీసుకున్న రోజే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. చవకది చూసి తీసుకోవద్దు. ముందు నుంచీ ఉన్న బీపీ, షుగర్‌ల వల్ల వచ్చే ఇబ్బందుల్ని కవర్ చేస్తుందా లేదా అన్నది చూడండి. చాలా పాలసీలు అక్కడే చేతులెత్తేస్తాయి. మా అత్తయ్యగారిది జారిపడ్డ కేసు కాబట్టి, ఫ్రాక్చర్ క్లినిక్‌కి వెళ్ళే ముందే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాం, ఇబ్బంది కాలేదు.

వాళ్ళ సూట్‌కేసు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మందులు ఉన్నన్నాళ్ళకీ సరిపడా తెచ్చుకోవాలి, పైన రెండు వారాలవి అదనంగా. స్ట్రిప్పులు కత్తిరించి వారం డబ్బాలో పోసి తేవొద్దు, అసలు అట్టలతోనే, చేతి బ్యాగులోనే ఉండాలి. డాక్టరు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ఉత్తరం రాయించండి, అందులో కంపెనీ పేర్లు కాదు, మందు పేర్లు ఉండాలి. ఇక్కడ టెల్మా అంటే ఎవరికీ తెలీదు, టెల్మిసార్టాన్ అనాలి. గ్లైకోమెట్ కాదు మెట్‌ఫార్మిన్, థైరోనార్మ్ కాదు లెవోథైరాక్సిన్, ఎకోస్ప్రిన్ కాదు ఆస్పిరిన్. మన దగ్గర ఒకే బిళ్ళలో రెండు మూడు మందులు కలిపి వచ్చేవి కొన్ని ఇక్కడ ఉండవు, విడివిడిగా రాస్తారు. ట్రమడాల్, ప్రెగాబాలిన్, ఆల్ప్రజోలామ్ లాంటివి ఉంటే డాక్టరు ఉత్తరం తప్పనిసరి, మూడు నెలలకి సరిపడా లేదా అంతకన్నా ఎక్కువ తేవాలంటే ముందే లైసెన్సు కావాలి. దుబాయ్‌లో దిగి నాలుగు రోజులు చూసి వద్దామనుకుంటే అక్కడి రూల్స్ ఇంకా గట్టివి, ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆవకాయ పెట్టుకోండి గానీ నెయ్యి డబ్బా, పాలకోవా వద్దు, ఇండియా నుంచి పాల పదార్థాలు తేకూడదు. ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్ రెండు రోజుల ముందే ఎయిర్‌లైన్స్‌కి చెబితే ఉచితంగా ఇస్తారు. లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్‌లో దిగాక ఆ నడకలు పెద్దవాళ్ళ వల్ల కావు. అక్కణ్ణుంచి రెడింగ్ స్టేషన్‌కి రెయిల్‌ఎయిర్ బస్సు ఉంది, సామాను మోత తప్పుతుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇంకో మాట. ఆర్నెల్లు మించి ఉండే వీసాకి టీబీ పరీక్ష ఎలాగూ చేయిస్తారు, ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, తొందరపడి ముందే చేయించుకోకండి. పిల్లల టీకాల కార్డు తారీకులతో సహా తెచ్చుకోండి. ఇక్కడి నర్సు దాన్ని పక్కన పెట్టుకుని ఏది పడింది, ఏది పడలేదు అని లెక్క చూస్తుంది. కార్డు లేకపోతే మళ్ళీ వేయించుకోవాల్సి రావచ్చు.

పళ్ళు, కళ్ళజోళ్ళు అక్కడే చూపించుకుని రండి. సర్‌చార్జ్ కట్టినా పంటి వైద్యానికి వేరే డబ్బు. 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం చూసి చెప్పడానికి 27.40 పౌండ్లు, పిప్పి పన్ను పూడ్చడానికి 75.30, క్యాప్ వేయడానికి 326.70. అవి ఎన్‌హెచ్ఎస్ డెంటిస్టు దొరికితే. మా చుట్టుపక్కల అడిగినచోటల్లా కొత్త పేషంట్లని తీసుకోవట్లేదన్నారు.

స్టార్లు ఇలా ఇస్తాను. ఫార్మసీకి అయిదు, రోజువారీ బిళ్ళలకి అయిదు, అత్యవసరానికి నాలుగు, జీపీ అపాయింట్‌మెంట్‌కి మూడు, స్పెషలిస్టుకి రెండు, పంటికి ఒకటి. మొత్తం మీద మూడున్నర. సర్‌చార్జ్ 200 పౌండ్లే ఉండి ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని.

తిరుగు ప్రయాణం సంగతి ఒకటి మిగిలింది. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ఈ ఎన్‌హెచ్ఎస్ అక్కడ పనిచేయదు, ఈసారి ఇన్సూరెన్స్ మనకి. అదీ కాక ఇండియా వెళ్తున్నారంటే టైఫాయిడ్, హెపటైటిస్ ఏ టీకాలు వేయించుకోమంటారు. ఇవి ఎన్‌హెచ్ఎస్‌లో ఫ్రీ. మలేరియా బిళ్ళలకి మాత్రం సొంత డబ్బు. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే సర్జరీలో అడగాలి, ఆఖరి వారంలో అడిగితే ప్రైవేటు ట్రావెల్ క్లినిక్‌కి పొమ్మంటారు. పుట్టి పెరిగిన ఊరికి వెళ్ళడానికి టీకా ఏమిటని మా ఆయన వాదించారు గానీ, ఇక్కడ కొన్నేళ్ళున్నాక ఆ నీళ్ళకి మనమూ కొత్తవాళ్ళమే అని నర్సు చెప్పింది. నాకు సబబుగానే అనిపించింది. "ఎక్కడికెళ్తున్నావ్?" అని బాబుని అడిగితే "అమ్మమ్మ వాళ్ళింటికి" అన్నాడు. ఆవిడ కంప్యూటర్‌లో ఇండియా అని కొట్టుకుని సూది వేసింది. టైఫాయిడ్‌ది మూడేళ్ళు పనిచేస్తుందట, వచ్చే రెండు సంక్రాంతులకీ మళ్ళీ ఫారం నింపే పని లేదు.